కాఫీ గింజలు ఇంట్లో వేయించాలంటే ముందు అలారం సంగతి చూసుకోండి

విదేశానికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచూ అడుగుతారు: "కొట్లో కొన్న కాఫీపొడికి వాసనే ఉండట్లేదండీ, పచ్చి గింజలు తెచ్చుకుని ఇంట్లోనే వేయించుకోవచ్చా?" నిక్షేపంగా వేయించుకోవచ్చు. పావుగంట పని. కాకపోతే ముందు ఒకసారి తలెత్తి పైకప్పు చూడండి. అక్కడ పొగ అలారం ఉంటుంది.

నేను చూడలేదు. అద్దె అపార్ట్‌మెంట్, చలికాలం, కిటికీలన్నీ బిగించేసి ఉన్నాయి. గింజలు ముదురు రంగుకొచ్చేసరికి పొగ గుప్పుమంది, అలారం అందుకుంది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే పక్కింటాయన చెప్పులైనా వేసుకోకుండా వచ్చి తలుపు బాదాడు. ఈలోగా గింజలు బొగ్గయ్యాయి. అలాగని అలారం బ్యాటరీ పీకేయకండి, అది ప్రాణాలమీదికి తెచ్చే పని. బాల్కనీలోనో, పొగని నిజంగా బయటికి పంపే ఫ్యాన్ కిందో వేయించండి. కొన్ని ఫ్యాన్లు పొగని లాగి మళ్ళీ గదిలోకే వదులుతాయి.

మొదటిసారి వంద గ్రాములు చాలు. దళసరి ఇనప మూకుడు పెట్టి, మధ్యస్థం మంట మీద, చెయ్యి ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మొదట పచ్చిగడ్డి వాసన వస్తుంది. గింజ పసుపురంగుకి తిరిగాక రొట్టె కాల్చిన వాసన. గోధుమరంగు వచ్చాక మొక్కజొన్న పేలాల్లా టప్‌టప్‌మంటుంది. గింజ వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కి చేరిందని గుర్తు. గడియారం కన్నా ఈ చప్పుడునే నమ్మండి. చప్పుళ్ళు తగ్గుముఖం పట్టాక ఒకటి రెండు నిమిషాల్లో దించేస్తే నా లెక్కన రుచి సరిగ్గా కుదురుతుంది. ఇంకా ఉంచితే సన్నగా చిటచిటమనే రెండో విడత మొదలవుతుంది. గింజ మీద నూనె మెరుస్తుంది, పొగ దట్టమవుతుంది, చేదు పెరుగుతుంది. చిక్కటి పాలు పోసుకునేవాళ్ళకి అది నచ్చవచ్చు గానీ అద్దె ఇంట్లో అంతదాకా పోవద్దంటాను.

పొయ్యి కట్టేసినా గింజ లోపలి వేడికి వేగుతూనే ఉంటుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వెంటనే లోహపు జల్లెడలో పోసి, కుదుపుతూ, ఫ్యాన్ ముందు మూడు నాలుగు నిమిషాల్లో చల్లార్చాలి. పల్చటి పొట్టు ఇల్లంతా ఎగురుతుంది, కార్పెట్ ఉంటే మరీ కష్టం. ఆ పొట్టుకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర పోగుపడనివ్వకండి.

తూకం వేస్తే వందకి ఎనభై అయిదు గ్రాములు దాకా మిగులుతాయి. కంగారుపడకండి, పోయింది ఎక్కువగా నీరే. వేయించిన వెంటనే కాఫీ కలిపి "ఇంతేనా?" అనుకోవద్దు. గింజలోంచి బొగ్గుపులుసు వాయువు వెలువడుతూ ఉంటుంది కాబట్టి కనీసం ఒక రోజు ఆగండి. నాకైతే మూడో రోజు కాఫీయే ఇష్టం. మొదటి రోజు సీసా మూత మరీ బిగించకండి. తర్వాత గాలి చొరకుండా పెడితే రెండు మూడు వారాలు బాగుంటాయి. పొడి మాత్రం ఏ పూటకాపూటే చేసుకోండి.

పచ్చి గింజలు పొడిగా, చల్లగా దాస్తే నెలల తరబడి ఉంటాయి. అయినా ఊరినుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో తెప్పించుకునే ముందు కస్టమ్స్ నిబంధనలు చదవండి. మీకవి కాఫీ, వాళ్ళకి విత్తనాలు.