పినియన్ వంపా, వాలా, కోణమా?

సందేహం: వాహన మరమ్మతుల మీద తెలుగులో చిన్న చేతిపుస్తకం రాస్తున్నాను. అందులో ఒక వాక్యం: ‘వన్‌పీస్ డ్రైవ్‌షాఫ్ట్ బిగించేటప్పుడు పినియన్ వంపు సరిచేయాలి, రెండు కోణాలూ సమాంతరంగా ఉండాలి.’ ‘వంపు’ తప్పు, ‘వాలు’ అనాలని మెకానిక్ మిత్రుడొకరు అంటున్నారు. ‘కోణం’ అంటే లెక్కల పాఠంలా ఉంటుందని నా భయం. ఏది వాడాలి?

సమాధానం: కొత్తవాళ్ల కోసం ఒక మాట: గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిరుగుడును అందించే గొట్టం డ్రైవ్‌షాఫ్టు, ఒకే ముక్కగా ఉంటే వన్‌పీస్. దాని రెండు చివర్లా ఉండే కీళ్లు యూ-జాయింట్లు. ఇరుసు మధ్యనున్న గేర్ల పెట్టె డిఫరెన్షియల్, అందులో షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం, దాని కాడా కలిపి పినియన్. ఇక, ముందు ‘వంపు’ తీసేయండి. వంపు ఒకే వస్తువులో ఉండేది. కొడవలికి వంపు ఉంటుంది, ఏరు వంపు తిరుగుతుంది. ‘షాఫ్టులో వంపు ఉంది’ అంటే మెకానిక్‌కి అర్థమయ్యేది ఒకటే: గొట్టం ఎక్కడో వంగింది, మార్చాలి. నిక్షేపంగా ఉన్న పినియన్‌కు ఆ మాట అంటగట్టడం అన్యాయం. (క్రియగా తీసుకుంటే ఇంకో చిక్కు. చెంబులో నీళ్లు వంపుతాం కదా, డిఫరెన్షియల్‌లో ఆయిల్ వంపమన్నారనుకునేవాళ్లూ ఉంటారు!)

మీ మిత్రుడి మాట సగం నిజం. వాలుకు ఒక్క గీత చాలు; రెండోది నేలమట్టం, అది చెప్పకుండానే ఉంటుంది. ఇంటికప్పు వాలుగా ఉందన్నా, పొద్దు వాలిందన్నా మనసులో ఆ మట్టంతో పోల్చుకునే అంటాం. కోణానికి మాత్రం రెండు గీతలు కావాలి, అవేవో చెప్పాలి కూడా. యాంగిల్ గేజిని పినియన్ యోక్ (జాయింటును పట్టుకునే కొస) మీద ఆనించి చదివితే వచ్చేది వాలు. షాఫ్టు వాలుకూ దానికీ ఉన్న తేడా కోణం. ఇంగ్లీషులో ‘పినియన్ యాంగిల్’ అనే ఒక్క మాటనే కొందరు మొదటిదానికీ, కొందరు రెండోదానికీ వాడేస్తుంటారు. గందరగోళమంతా అక్కడి నుంచే వచ్చింది. మనకు రెండు మాటలున్నాయి, రెంటినీ వాడుకుందాం.

ఒక బండి తీసుకోండి. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, డ్రైవ్‌షాఫ్టు 5 డిగ్రీలు వాలి ఉంది. పినియన్ కూడా వెనక్కే 3 డిగ్రీలు వాలింది, అంటే దాని ముక్కు కాస్త పైకి చూస్తోంది. పినియన్ వాలు 3, కోణం 2. ముందు జాయింటు దగ్గరా కోణం 2. కోణంలో తిరిగే యూ-జాయింటు ప్రతి చుట్టులోనూ షాఫ్టు వేగాన్ని రెండుసార్లు పెంచి తగ్గిస్తుంది. ముందు జాయింటు తెచ్చిన ఆ హెచ్చుతగ్గుల్ని వెనకది చెరిపేయాలంటే రెండు కోణాలూ ఒకటే కావాలి. ఈ బండికి మీరు ‘కోణం 3’ అని రాశారనుకోండి, చదివినతను షిమ్ము (వాలు మార్చడానికి పెట్టే పలుచని ముక్క) పెట్టి మరీ లేని వణుకు తెచ్చుకుంటాడు.

ఒకటే కావాలి అన్నాను, సమాంతరం అనలేదు. సమాంతరంగా ఉండేవి గీతలు. కోణాలు సమానంగా ఉంటాయి. మీ వాక్యంలో ఈ రెండూ కలిసిపోయాయి.

‘సరిచేయాలి’ కూడా మార్చండి. సరిచూడటం అంటే ఉన్నది ఎలా ఉందో తెలుసుకోవడం, సరిచేయడం అంటే చెయ్యి పెట్టడం. చూడకముందే చెయ్యి పెట్టమంటున్నారు మీరు.

కమాను పట్టీలున్న (లీఫ్ స్ప్రింగ్) బండిలో యాక్సిలరేటర్ తొక్కగానే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, అందుకని ముందే ఒకటి రెండు డిగ్రీలు దించి ఉంచుతారు. దీన్ని ‘మైనస్ 2’ అని రాయకండి, మైనస్ ఎటువైపో ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం. ‘ముక్కు 2 డిగ్రీలు కిందికి’ అంటే ఎవరికీ అనుమానం రాదు.

‘వన్‌పీస్’ అలాగే ఉండనివ్వండి. ‘ఒంటి షాఫ్టు’ అంటే ఒంటెద్దు బండిలా జత లేనిదన్న ధ్వని వస్తుంది. ‘అతుకులేని’ అనడం అబద్ధమే అవుతుంది, గొట్టం చివర్లలో యోకులు వెల్డింగ్ చేసే ఉంటాయి.

మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: ‘వన్‌పీస్ డ్రైవ్‌షాఫ్ట్ బిగించేటప్పుడు, బండి బరువంతా చక్రాల మీదే ఉంచి, పినియన్ కోణం సరిచూడాలి. బండి లాగుతున్నప్పుడు గేర్‌బాక్స్ షాఫ్టూ పినియనూ సమాంతరంగా, రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండాలి.’