పాత టెంపో ట్రావెలర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

ఫోటోలు చూశాను. బండిలో మంచాలు, కర్టెన్లు, గ్యాస్ పొయ్యి అన్నీ బాగానే కుదిర్చారు. 1990ల నాటి బండి అని ఇంజిన్ గురించి టెన్షన్ పడకు. అదే మెర్సిడెస్ డిజైను 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్ ట్రాక్స్ బండ్లలోనూ వచ్చింది. తెలిసిన మేస్త్రీలు మన వైపు ఇంకా ఉన్నారు. కోనసీమలో బండిని తినేసేది తుప్పురా.

ముందు మ్యాట్లన్నీ పీకేయ్. ఫుట్‌బోర్డు మూలల్లో, ఛాసిస్‌కి కమాన్ కట్టలు బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు. ఠంగుమంటే ఇనుముంది. మెత్తగా దిగిందంటే అక్కడున్నది పెయింటే. పుట్టీ పెట్టేస్తామంటారు, ఒప్పుకోకు. రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించు.

తర్వాత టాప్. పైన ఒకడిని బకెట్లతో నీళ్లు పోయమని, నువ్వు లోపల టార్చి పట్టుకుని కూర్చో. చుక్క పడిన చోటే కన్నం ఉండదు. నీరు రేకు వెంట పారి ఎక్కడో దిగుతుంది. ఫ్యాన్ కోసం కోసిన చోట సీలెంట్ ముందు చూడు.

సముద్రం ఒడ్డున అంతర్వేది వెళ్తే, తిరిగొచ్చిన రోజే అడుగుభాగం మంచినీళ్లతో కడిగించు. పక్కనే మోటారుందని రొయ్యల చెరువు నీళ్లు కొట్టించేవు, చాలాచోట్ల అది ఉప్పునీరే! నీడ కోసం కొబ్బరిచెట్టు కింద ఆపకు. కాయ సంగతి అటుంచు, మట్ట పడినా అద్దం పోతుంది. రోడ్డు మీద గడ్డి పరిచి ఉంటే ఎక్కించకు. సైలెన్సర్‌కి చుట్టుకుంటే నిప్పంటుకుంటుంది.

టైర్లు అరగలేదని మురిసిపోకు. టైరు పక్కవైపు అచ్చు వేసి ఉండే నాలుగంకెల తయారీ తేదీ చదువు. 3512 అంటే 2012లో 35వ వారం. అంత పాతవైతే మారుమాట లేకుండా మార్చేయ్.

గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, కిటికీ తీసినా పోదు. సిలిండర్ పెట్టే అరకి కింది భాగంలో బయటికి కన్నం ఉండాలి, అర లోపలివైపు గట్టిగా మూసి ఉండాలి.

మిగతా డబ్బులు ఇచ్చేముందు ఆర్సీ చూడు. సీట్లు తీసి మంచాలు వేసిన మార్పు అందులో ఎక్కించకపోతే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ దగ్గరా నీకే తిప్పలు. ఆ పని అమ్మినవాడి చేతే చేయించు. అది తేలాక బ్రేక్ ఆయిల్ మార్పించి, అప్పుడు తీసుకురా. ఇక్కడ గొయ్యి ఉన్న షెడ్డు మాట్లాడి ఉంచుతాను.

మీ మావయ్య