ఆర్‌జీఏలో 28 పెద్దగా వస్తే లీకేనా? ఆయిల్‌ని ఎలా గుర్తుపట్టాలి?

టర్బో పంప్ (అతివేగంగా తిరిగే రెక్కలతో వాయువుని బయటికి నెట్టేది) ఆగకుండా నడుస్తున్నా వాక్యూమ్ ఛాంబర్ 5×10⁻⁷ మిల్లీబార్ దగ్గరే నిలిచిపోయిందనీ, ఆర్‌జీఏలో (ఛాంబర్‌లో మిగిలిన వాయువుల్ని ద్రవ్యరాశి అంకెల వారీగా పీక్‌లుగా చూపే పరికరం) 18, 28 పెద్దగానూ 41, 43, 55, 57 చిన్నగానూ వస్తున్నాయనీ రాశారు. లీకా, మురికా అన్నది ప్రశ్న. నేనైతే ఆ చిన్న పీక్‌ల గురించే ఎక్కువ ఆందోళన పడతాను. అయినా ముందు 28 సంగతి తేల్చుకోండి.

నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ 28 దగ్గరే పడతాయి. నైట్రోజన్ అయితే 14 దగ్గర దాని ఎత్తులో సుమారు 7 శాతం పీక్ ఉంటుంది (మీథేన్ ఉంటే 14 కొంత పెరుగుతుంది, 15 కూడా చూడండి). కార్బన్ మోనాక్సైడ్ అయితే 12 దగ్గర 5 శాతం దాకా ఉంటుంది. గాలి లీకైతే 32 కూడా రావాలి. కానీ 32 లేదని లీక్ లేదనుకోవద్దు, ఆర్‌జీఏలోని వేడి ఫిలమెంట్ (తీగ) ఆక్సిజన్‌ని తినేస్తుంది. గాలిలోని ఆర్గాన్‌ని ఏదీ తినదు కాబట్టి దాని పీక్ 40ని నమ్మండి. ఆయిల్ కూడా 40 దగ్గర కొంచెం చూపిస్తుంది; 39 కంటే 40 ఎత్తుగా ఉంటే ఆర్గాన్ ఉన్నట్టే.

అనుమానం మిగిలితే ఆర్‌జీఏని 4 (హీలియం) మీద పెట్టి, పై ఫ్లాంజ్ నుంచి కిందికి ఒక్కో జాయింట్ దగ్గర హీలియం సన్నగా వదలండి. సిగ్నల్ వెంటనే ఎగిస్తే లీక్. రబ్బరు ఓ-రింగ్ దగ్గర నిమిషాల మీద మెల్లగా పెరిగితే అది హీలియం రబ్బరు గుండా ఊరుతున్నట్టు. గాలి గుర్తులున్నా హీలియంకి ఉలుకూ పలుకూ లేకపోతే లోపలి స్క్రూల కింద చిక్కుకున్న గాలిని అనుమానించండి. అక్కడ మధ్యలో రంధ్రమున్న స్క్రూలు వేయాలి.

18తో పాటు దాని నాలుగో వంతు ఎత్తులో 17 ఉంటే అది నీరే. బేక్ చేస్తే, అంటే పంప్ నడుస్తుండగా ఛాంబర్‌ని వేడిచేస్తే, పోతుంది. వైటన్ (ఒక రకం రబ్బరు) ఓ-రింగ్‌లుంటే 150 డిగ్రీలు దాటకండి, ఆర్‌జీఏ ఎలక్ట్రానిక్స్ డబ్బా ముందే విప్పేయండి.

ఇక అసలు సమస్య, ఆ చిన్న పీక్‌లు. స్కాన్ 200 దాకా పెంచి, లాగ్ స్కేల్‌లో చూడండి. 43, 57, 71, 85 అని 14 తేడాతో గుంపులు వరుసగా వస్తే అది టర్బో వెనకుండే రోటరీ పంప్ ఆయిలే. 43కి 58 తోడుంటే అసిటోన్, 45 ఎత్తుగా ఉంటే ఐసోప్రొపనాల్. ఇవి పంపింగ్‌తో తగ్గిపోతాయి. 69 ఒక్కటే పెద్దగా ఉండి, 119, 169 కూడా కనిపిస్తే ఫ్లోరినేటెడ్ ఆయిల్. 19, 35, 37 మాత్రం చాలాసార్లు ఆర్‌జీఏ అయాన్ సోర్స్ నుంచే వస్తాయి. ఒకసారి డీగ్యాస్ చేసి (ఆ సోర్స్‌ని బాగా వేడెక్కించి, అంటుకున్న వాయువుల్ని వదిలించి) మళ్లీ స్కాన్ చేయండి.

టర్బో పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు బరువైన ఆయిల్ అణువులు దాన్ని దాటి వెనక్కి రాలేవు. టర్బో ఆగినప్పుడో, ఛాంబర్‌ని రోటరీ పంప్‌తోనే 0.1 మిల్లీబార్ కంటే కిందికి లాగినప్పుడో వస్తాయి. అందుకే రఫింగ్ (రోటరీ పంప్‌తో మొదట లాగడం) అంతకంటే ముందే ఆపండి, టర్బో నెమ్మదిస్తున్నప్పుడు పొడి నైట్రోజన్ లోపలికి వదిలి వెంట్ చేయండి, ఫోర్‌లైన్‌లో (టర్బోకి, రోటరీకి మధ్య గొట్టంలో) ఆయిల్‌ని పట్టే జియోలైట్ ట్రాప్ పెట్టండి.

ఆయిల్ ఎక్కడ చేరిందో తెలియాలంటే హీటింగ్ టేప్‌తో గోడని ఒక్కో భాగంగా 60–70 డిగ్రీలకి వేడిచేస్తూ 57ని గమనించండి. ఏ భాగం దగ్గర ఎగబాకితే దాన్ని విప్పండి. ముందే మొత్తం బేక్ చేస్తే ఆయిల్ చల్లని మూలలకి పాకుతుంది. విప్పిన భాగాన్ని డిటర్జెంట్‌తో అల్ట్రాసోనిక్‌లో కడిగి, డీఅయనైజ్డ్ నీటితో జాడించి, పూర్తిగా ఆరబెట్టాకే బిగించి బేక్ చేయండి.