కందిరీగ కుట్టింది సరే, టెస్టుకి అంత తొందరెందుకు

అమ్మలూ,

కుట్టి పది రోజులు కాలేదు, అప్పుడే అలర్జీ టెస్టుకి వెళ్తున్నావట, మీ అమ్మ చెప్పింది. డేటు మార్చుకో. కుట్టిన కొత్తలో చేస్తే అలర్జీ ఉన్నా లేనట్టే చూపించవచ్చు, అందుకే మామూలుగా 4 నుంచి 6 వారాలు ఆగమంటారు. నేను రెండో వారంలోనే పరిగెత్తాను, ఏమీ లేదన్నారు, హాయిగా తిరిగాను. రెండు నెలల తర్వాత మళ్ళీ చేస్తే కందిరీగ విషం ఎక్కించిన చోట దద్దురు లేచి కూర్చుంది. అయితే అడ్రినలిన్ ఇంజెక్షన్ (మళ్ళీ కుట్టి ఊపిరాడకపోతే వెంటనే వేసుకునేది) సంగతి మాత్రం టెస్టు దాకా ఆపకు, నీకు ఊపిరాడలేదు కాబట్టి డాక్టర్ని ఇప్పుడే అడుగు.

ఈలోపు ఆ రోజు జరిగింది కాగితం మీద రాసుకో. కుట్టిన ఎన్ని నిమిషాలకు దద్దుర్లు వచ్చాయి, కళ్ళు తిరిగాయా, ముల్లు చర్మంలో ఉండిపోయిందా (ఉండిపోతే దాదాపు తేనెటీగే, కందిరీగ సాధారణంగా వదలదు). నన్నడిగితే టెస్టు కన్నా ఈ కాగితమే ముఖ్యం. ఎందుకంటే ఎప్పుడూ ఏమీ కాని వాళ్ళలో కూడా చాలామందికి పాజిటివ్ వస్తుంది, పైగా దద్దురు ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువని కూడా కాదు. మీ నాన్నకి చెయ్యి వాచిందంతే కదా, వాడికి మామూలుగా టెస్టే అక్కర్లేదు, తనూ వస్తానంటే కూర్చోబెట్టు.

జలుబుకి, దురదకి వేసుకునే యాంటీహిస్టమిన్ మాత్రలు వారం ముందు ఆపాలి, ఏవి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తారు. బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకు, పేర్లు చెప్పు చాలు.

టెస్టుకి టెన్షన్ పడకు. ముంజేతి మీద విషం చుక్క వేసి చిన్నగా గుచ్చుతారు, పక్కనే ఉప్పునీళ్ళతో ఒకటి, హిస్టమిన్‌తో (ఎవరికైనా దద్దురు తెప్పించే పదార్థం) ఒకటి, పోల్చి చూడటానికి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి చూస్తారు. ఏమీ లేకపోతే చర్మంలోకి సూదితో ఇస్తారు, చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతారు, అందుకే పూట గడిచిపోతుంది. రక్తంలో ఐజీఈ (అలర్జీలో శరీరం తయారుచేసే యాంటీబాడీ) కూడా చూస్తారు. ఒకదాంట్లో నెగెటివ్ వచ్చిందని వదిలెయ్యకు, రెండోదీ చేయించుకో. నీకంత గట్టిగా వచ్చింది కాబట్టి ట్రిప్టేజ్ టెస్టు (అలర్జీ కణాల నుంచి వచ్చే ఒక ఎంజైమ్‌ని రక్తంలో కొలిచేది) గురించి కూడా అడుగు, చాలామంది అడగరు.

అలర్జీ ఉందని తేలితే, ఆ విషానికి శరీరం అలవాటు పడేలా 3 నుంచి 5 ఏళ్ళ ఇంజెక్షన్ల కోర్సు ఉంటుంది. నేను వేయించుకుంటున్నాను. రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి, దాని గురించి అప్పుడు చెప్తాను.

నీ పెద్దనాన్న