ఆపరేషన్ గురించి అడిగావు కదా, అమ్మలూ

అమ్మలూ,

రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్ చేయించుకోనా పిన్నీ అని రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే పక్కన మీ బాబాయి ఉన్నాడని నోరు విప్పలేకపోయాను. మనింట్లో రొమ్ము అన్న మాట పైకి అనడానికే సిగ్గు, అందుకే రాస్తున్నా.

నా సంగతి నీకు సగమే తెలుసు. నేను ఆ ఆపరేషన్, అదే బ్రెస్ట్ రిడక్షన్, చేయించుకుంది 44వ ఏట, అనుకున్నదేమో 29లో. మధ్యలో పదిహేనేళ్లూ మెడకి బామ్, నడుముకి బెల్టు. ఎండాకాలం రొమ్ముల కింద చెమటకి చర్మం ఒరుసుకుపోయి మండుతుంటే పాత కాటన్ రుమాలు మడిచి పెట్టుకునేదాన్ని, మధ్యాహ్నానికి అది ముద్దయిపోతే ఆఫీసు బాత్రూంలో ఇంకోటి మార్చుకునేదాన్ని. బ్రా పట్టీలు దిగబడ్డ గాడి భుజాల మీద ఇప్పటికీ ఉంది, వేలు పెడితే తెలుస్తుంది.

అందుకని ముందు ఒకటి చూసుకో, నీ బాధ ఒంటిదా, ఊళ్లోవాళ్ల చూపులదా? రెండూ ఉంటాయిలే. కానీ చూపుల కోసమే అయితే కాస్త ఆగు, చూసేవాళ్లు ఆ తర్వాత కూడా చూస్తారు. మెడ లాగడం, దద్దుర్లు, పరుగెత్తలేకపోవడం, ఇవి రోజూ ఉంటే అది వేరే సంగతి. బరువు తగ్గితే అదే తగ్గుతుందని అందరూ అంటారు, కొందరికి తగ్గుతుంది కూడా. నేను తొమ్మిది కిలోలు తగ్గితే బుగ్గలు పీక్కుపోయాయి గానీ అవి మాత్రం కదల్లేదు! అయినా ఆపరేషన్‌కి ముందు బరువు ఒకచోట నిలబడాలి, తర్వాత ఒళ్లు పెరిగితే అవీ మళ్లీ పెరగొచ్చు.

మీ అమ్మ భయమంతా పెళ్లి గురించి. నా భయం అది కాదు, పాల గురించి. చనుమొనని లోపలి కణజాలంతో కలిపే ఉంచి చేసే పద్ధతుల్లో తర్వాత పాలివ్వగలిగే అవకాశం ఎక్కువ, కానీ పాల నాళాలు కొన్ని తెగుతాయి కాబట్టి ఖాయంగా వస్తాయని ఏ డాక్టరూ రాసివ్వడు. స్పర్శ తగ్గొచ్చు, కొందరికి పూర్తిగా పోవచ్చు. కాన్పు తర్వాత ఆకారం మళ్లీ మారొచ్చు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు, ఈ లెక్క నేను వేసుకోవాల్సిన పని లేకపోయింది. నువ్వు వేసుకోవాలి. అలాగని నొప్పి భరిస్తూ పదేళ్లు ఆగమని మాత్రం చెప్పను, ఆగి నేనేం బాగుపడ్డాను?

మచ్చలు ఉంటాయి, మామూలుగా లంగరు ఆకారంలో. చిన్నప్పుడు నీకు చెవి కుట్టించిన చోట గడ్డ కట్టింది గుర్తుందా? దాన్ని కీలాయిడ్ అంటారు, ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. నాకు కింద గీతలు కలిసే చోట పుండు మానక మూడు వారాలు డ్రెస్సింగ్ చేయించుకున్నాను, అలా కావడం కొత్తేమీ కాదట.

డాక్టరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ, ఆ పై చదువు చేసి ఉండాలి. ఇలాంటివి ఎన్ని చేశారు, చేయించుకున్నవాళ్ల ఫొటోలు చూపిస్తారా, తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపుతారా, ఇవన్నీ మొహమాటపడకుండా అడుగు. ఫలానా కప్పు సైజే వస్తుందని గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్.

ఇన్సూరెన్స్ విషయంలో నేను దెబ్బతిన్నాను. మా పాలసీవాళ్లు అందం కోసం చేయించుకున్నావని క్లెయిమ్ తోసేశారు. పాలసీల్లో ప్లాస్టిక్ సర్జరీకి మినహాయింపు ఉంటుంది, వైద్యపరంగా అవసరమని డాక్టరు ధ్రువీకరిస్తే తప్ప. ఎముకల డాక్టరు, చర్మం డాక్టరు రాసిచ్చిన కాగితాలతో మళ్లీ పెడితే ఐదు నెలలకి కొంత వచ్చింది. నువ్వు నీ మందుల చీటీలన్నీ ఇప్పట్నుంచే దాచు, ఇన్సూరెన్స్‌వాళ్లని ముందే అనుమతి అడిగించు.

ఆపరేషన్ తర్వాత నెలన్నర పాటు బరువులెత్తకూడదు. నీళ్లు పోసిన కుక్కర్ కూడా బరువే. మొదటి వారం చేతులు పైకెత్తి జడ వేసుకోలేక మా అత్తగారి ముందు కూర్చున్నాను, పాపం ఆవిడే వేసింది, ఏమీ అడగలేదు.

అపాయింట్‌మెంట్ తీసుకుని టైము చెప్పు, వస్తా. లోపలికి రమ్మంటే వస్తా, వద్దంటే బయట కుర్చీలో కూర్చుంటా. అక్కతో నేను మాట్లాడతాలే.

మీ పిన్ని