స్టాండు కొనే ముందు ఒక్కసారి ఆగు, అమ్మలూ

గుంటూరు,
ఆదివారం ఉదయం

అమ్మలూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. మిరప తోటల్లో పురుగుల ఫోటోలు నువ్వే తీస్తానన్నావట. కెమెరా, దగ్గర్నుంచి చిన్నవాటిని తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో సంపాదించావట. ఇక ట్రైపాడ్ ఒక్కటే మిగిలిందట. ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలకి ఒకటి చూసి పెట్టుకున్నావనీ, కిలో కూడా బరువు లేదనీ, మడిస్తే కాలేజీ బ్యాగులో పట్టేస్తుందనీ వాడు సంబరంగా చెప్తుంటే నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత కెమెరా పట్టుకున్నది నువ్వే. ఆ గర్వం ఎంత ఉందో, ఆ స్టాండు మీద నీ ఏడాది కష్టం పెడతావేమోనన్న భయమూ అంతే ఉంది. ఫోన్‌లో చెప్తే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

తేలికవి ముందు చెప్పేస్తా. స్టాండు మీద పెట్టినప్పుడు లెన్స్‌లో చేతి వణుకు సర్దే స్టెబిలైజేషన్ ఆపెయ్. బటన్ చేత్తో నొక్కకు, రెండు సెకన్ల టైమర్ పెట్టుకో. కాళ్లు పొడుగు చేసేటప్పుడు లావు గొట్టం ముందు లాగు, సన్నది చివర లాగు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నీకు తెలియనిది తెల్లదోమ ఏడాది సంగతి. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

1980ల నడుమ మన జిల్లాలో పత్తి మీద తెల్లదోమ, అదే ఆకు రసం పీల్చే చిన్న తెల్ల పురుగు, విరుచుకుపడింది. కాయతొలిచే పురుగుకి అప్పట్లో కొత్తగా వచ్చిన ఘాటు మందులు రైతులు మీద మీద కొట్టారు. పురుగు చచ్చినా చావకపోయినా, దోమని తినే మంచి పురుగులు చచ్చాయి, దోమ పెరిగిపోయింది. ఆకు మీద జిగురు, జిగురు మీద మసి. పత్తి చేలు బొగ్గు చల్లినట్టు ఉండేవి. అప్పుడు ఒక శాస్త్రవేత్త అరండల్‌పేటలో నా స్టూడియోకి వచ్చారు. స్కూటర్ వెనక సీటు మీద దోమతెర గుడ్డ కప్పిన పత్తి మొక్క, కుండీతో సహా. ఆకు అడుగున అంటుకుని ఉండే పిల్ల పురుగుల్ని స్లైడ్ తీసిపెట్టమన్నారు. అవి కదలవు, లేత పసుపు పొలుసుల్లా ఉంటాయి. ఊళ్లలో సాయంత్రం పూట తెర కట్టి చూపిస్తాం, రైతు ఆకు తిప్పి వీటిని గుర్తుపడితే చాలు, కనపడ్డ మందల్లా కొట్టడం మానేస్తాడు అన్నారు.

నాకప్పుడు పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌గా మంచి పేరు. చేతిలో బెల్లోస్, అంటే లెన్స్‌ని కెమెరాకి దూరంగా జరిపి చిన్నదాన్ని పెద్దగా చూపే తిత్తి, ఉంది, మంచి లెన్స్ ఉంది. స్టాండు మాత్రం పెళ్లి పందిళ్లలో మోసుకు తిరిగే సన్న కాళ్లది. కుండీ ఎత్తు బల్ల మీద పెట్టాను, ఆకు అడుగు కనిపించాలని మొక్కని కొంచెం వంచి కట్టాను. కెమెరా ఎత్తు చాలకపోతే స్టాండు నడుమ ఉండే గొట్టం, సెంటర్ కాలమ్, మొత్తం పైకి లాగాను. బెల్లోస్ బరువుకి స్టాండు మీద కెమెరా బిగించే హెడ్ ముందుకు వాలుతుంటే నట్టు ఇంకా గట్టిగా బిగించాను. లైట్లు వేసి, షట్టర్ అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా పెట్టి, 36 ఫ్రేములూ తీశాను. వ్యూఫైండర్‌లో ప్రతి పొలుసూ గీత గీసినట్టు కనిపించింది. కళ్లారా చూశాను కాబట్టి అనుమానమే రాలేదు. రోల్ మద్రాసు పంపాను. ఫిల్మ్ రోజుల్లో తీసింది అప్పటికప్పుడు చూసుకునే దారి లేదమ్మా. స్లైడ్లు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ లోపల మొక్క ఎండిపోయింది.

వచ్చిన స్లైడ్లు లైటు ముందు పెట్టి చూస్తే చిన్న సైజులో బాగానే ఉన్నట్టు అనిపించాయి. వాటిల్లో మంచివి అనుకున్నవి ఏరి ఇచ్చేశాను. అక్కడ చేసిన తప్పు ఇంకోటి. భూతద్దం పెట్టి చూడలేదు.

మన ఊళ్లో రామాలయం ముందు దుప్పటి కట్టి వేశారు. నేనూ వెళ్లాను, నా బొమ్మలు కదా. మీ తాతయ్య, అంటే మా అన్నయ్య, ముందు వరసలో కింద కూర్చున్నాడు. ఆకు మొత్తం ఉన్న స్లైడ్ బాగుంది. తర్వాత దగ్గర్నుంచి తీసినవి పడ్డాయి. దుప్పటి నిండా పసుపుపచ్చని మరకలు. ఒక అంచు లేదు, ఒక రూపు లేదు. ఆ శాస్త్రవేత్త కర్ర పెట్టి "ఇదుగో, ఇక్కడ చూడండి" అంటున్నారు. ఒక పెద్దాయన లేచి "మంచు బొట్లా బాబూ అవి?" అని అడిగాడు. శాస్త్రవేత్త తడుముకోకుండా, నోటితో వివరించి, తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. చీకట్లో మీ తాతయ్య ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

ఆ వారంలో మీ తాతయ్య ఇంకో రెండు సార్లు మందు కొట్టాడు. నా ఫోటో బాగుంటే మా అన్నయ్య ఆగేవాడని నేను చెప్పలేను. చుట్టుపక్కల అందరూ కొడుతున్నారు, షాపువాడు అప్పిస్తున్నాడు. కానీ ఆకు తిప్పి చూసి ఇదే అది అనుకునే ఒక్క అవకాశం ఆ రాత్రి ఆ దుప్పటి మీద ఉంది, దాన్ని నేను చెరిపేశాను. ఇన్నేళ్లయినా నాకు అది పోలేదు.

ఎందుకిలా అయిందో తెలిసేదాకా కుదురు లేకపోయింది. కెమెరా, బెల్లోస్, ఆ స్టాండు మళ్లీ అలాగే నిలబెట్టాను. అరచేతి అద్దం పగిలిన ముక్క ఒకటి లెన్స్ మీద టేపుతో అంటించాను. గది చీకటి చేసి, స్పాట్ లైటుకి అట్టముక్క అడ్డంపెట్టి చిన్న కన్నంలోంచి అద్దం మీదికి వెలుగు కొట్టాను. ఎదురు గోడ మీద బఠాణీ అంత చుక్క పడింది. హెడ్ బిగించి చెయ్యి తీసి చూస్తూ కూర్చున్నాను. చుక్క కిందికి దిగుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే, చీమ పాకినట్టు. నిమిషంలో వేలెడు దిగింది. షట్టర్ నొక్కాను. కెమెరా లోపల అద్దం టక్‌మని లేచిన దెబ్బకి చుక్క గిజగిజా కొట్టుకుంది. వెనక పట్టాల మీద గూడ్సు వెళ్తున్నంతసేపూ అది వణుకుతూనే ఉంది. కాలమ్ పూర్తిగా కిందికి దించి మళ్లీ నొక్కితే వణుకు దాదాపు ఆగిపోయింది. అప్పుడు నాకు కాళ్లల్లో సత్తువ పోయినట్టయింది. అంత చిన్న సంగతి.

పెళ్లి ఫోటోలో మనిషి ఆరడుగులు ఉంటాడు, 35 ఎంఎం ఫిల్మ్ మీద అంగుళంన్నర కూడా ఉండడు. స్టాండు కాస్త వణికినా ఎవరికీ తెలీదు. పురుగుని ఉన్న సైజులోనే సెన్సార్ మీదికి దించావంటే, కెమెరా ఎంత జరిగితే బొమ్మ కూడా అంతే అలుక్కుపోతుంది. పైగా ఆ దగ్గరలో లెన్స్ నీకు చెప్పిన వెలుగు ఇవ్వదు, లెన్స్ కన్నం ఎఫ్/8 పెట్టినా ఇంకా చిన్న కన్నం ఎఫ్/16 పెట్టినట్టే పనిచేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ తెరిచి ఉంచే సేపు, సాగుతుంది. ఫోకస్ అయ్యే మందం చూస్తే ఎఫ్/8 దగ్గర మిల్లీమీటరు ఉంటే గొప్ప. హెడ్ చీమ పాకినంత దిగినా నువ్వు పురుగు కంటికి పెట్టిన ఫోకస్ కాలి మీద ఉంటుంది.

కాబట్టి 1,800ది వద్దు. వాదించకు.

ఏం కొనాలో చెప్తా. కాలమ్ లేనిది గానీ, కాలమ్ ఊడదీసి పొట్టిది పెట్టుకునే వీలున్నది గానీ చూడు. కాలమ్ పైకి లాగడమంటే ముక్కాలిపీట మీద చీపురుకట్ట నిలబెట్టి దాని కొసన కెమెరా కట్టడమే. కాళ్లు వేటికవి వేరువేరుగా, దాదాపు నేలకి ఆనేదాకా విప్పుకోవాలి. మిరప మొక్క నీ నడుము దాటదు, నువ్వు చూడాల్సింది ఆకు అడుగున. అందుకని స్టాండు ఎంత ఎత్తు లేస్తుందన్నది నీకు అనవసరం, ఎంత కిందికి దిగుతుందో అడుగు. కాలమ్ తలకిందులు చేసి కెమెరా వేలాడదియ్యొచ్చని షాపువాడు చూపిస్తాడు. తోటలో అలా పెట్టి ఒక్క ఫోటో తీసేసరికి నీ మెడ పట్టేస్తుంది. ఒక్కో కాలు మూడు ముక్కలది తీసుకో. ఐదు ముక్కలదైతే ఆఖరి ముక్క చిటికెనవేలంత ఉంటుంది, బరువంతా దాని మీదే. నీ కెమెరా, లెన్స్, ఫ్లాష్ అన్నీ కలిపి రెండు కిలోలు అనుకో. డబ్బా మీద ఎనిమిది కిలోలు మోస్తుందని ఉన్నదానికి తగ్గకు, ఆ అంకెని నేను ఎప్పుడూ మూడో వంతే నమ్ముతాను. అల్యూమినియం చాలు. కార్బన్ మంచిదే, తేలిక కూడా, కానీ ఆ డబ్బు ఇప్పుడు హెడ్ మీద పెట్టు.

హెడ్ గురించి అందరూ బంతి మీద తిరిగే బాల్ హెడ్ కొనమంటారు. తొందరగా తిరుగుతుంది నిజమే. కానీ దగ్గర ఫోటోకి ఒక్క దిక్కున వెంట్రుకవాసి జరపాలంటే బాల్ వదిలితే అన్ని దిక్కులూ వదిలేస్తుంది. మూడు పిడులున్న పాన్ హెడ్ తీసుకో, ఒకదాని తర్వాత ఒకటి సర్దుకోవచ్చు. మోటుగా ఉంటుంది, ఉండనీ. ముందుకి వెనక్కి జరిపే ఫోకసింగ్ రైలు తర్వాత కొనుక్కుందువు గాని.

షాపులో సిగ్గుపడకుండా నీ కెమెరా ఎక్కించు. కౌంటర్ మీద పది రూపాయల నోటు పెట్టి, కెమెరా వెనక తెర మీద లైవ్ వ్యూ పదింతలు పెద్దది చేసి, ఒక చిన్న అక్షరం మధ్యకి తెచ్చి బిగించు. చెయ్యి తియ్యి. అక్షరం జారితే ఆ హెడ్ అక్కడే వదిలెయ్. తర్వాత కాలి మీద వేలితో చిన్నగా కొట్టి, వణుకు ఆగడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టు. రెండు మూడు స్టాండ్లు ఇలా చూశావంటే తేడా నీకే తెలుస్తుంది, నా ఉత్తరం అక్కర్లేదు.

నల్లరేగడి సంగతి ఒకటి. తడి తోటలో కాళ్లు పాతేటప్పుడు కింది ముక్క బెత్తెడు బయటికి లాగి ఉంచు, లాక్ బురదకి పైన ఉంటుంది. కాళ్ల కింద పెంకు ముక్కలు వేసుకో, దిగబడదు. బరువు కోసం బ్యాగు తగిలిస్తే అది గాలికి ఊగకుండా నేలకి ఆనేలా కట్టు.

ఇంతకంటే ముఖ్యమైనది రాయడం ఆలస్యం చేశాను. తోటలో కాలుపెట్టే ముందు రైతుని అడుగు, మందు ఎప్పుడు కొట్టారు, ఏం కొట్టారు అని. నిన్న మొన్న కొట్టి ఉంటే ఆ రోజు దిగనే దిగకు. నువ్వు నిలబడి తీసేదానివి కాదు, మోకాళ్ల మీద కూర్చుని ఆకుల్లో మొహం పెట్టేదానివి. మీ తాతయ్య మందు కొట్టి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని కళ్లు తిరిగి పక్కకి ఒరిగిపోవడం నేను చూశాను. గ్లోవ్స్ వేసుకో, ఇంటికొచ్చాక స్టాండు కాళ్లు విప్పి కడుగు, ఆ తర్వాతే చేతులు కడుక్కుని తిను. తెల్లారుజామున వెళ్తావు కాబట్టి బూట్లు వేసుకో. కూర్చునే ముందు స్టాండుతో నేల మీద నాలుగు సార్లు కొట్టు. రక్తపింజర మనకి భయపడి పారిపోయే రకం కాదు, ఉన్నచోటే ఉంటుంది.

స్టాండు ఉంటే అన్నీ అయిపోతాయని కాదు. గాలికి ఆకు ఊగితే స్టాండు ఏం చేస్తుంది? పొద్దున గాలి లేనప్పుడు, పురుగు ఇంకా మంచుతో బరువెక్కి ఉన్నప్పుడు వెళ్లు. పాకే వాటికి ఫ్లాష్ వాడు. 2021లో పూతలో దూరి రైతుల్ని ఏడిపించిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు ఉంటుంది, దాన్ని తోటలో పట్టాలని చూడకు. పువ్వు కోసి సీసాలో పెట్టి గదిలో తియ్యి. తోటలో మాత్రం ఆకు ముడత బాగా తియ్యి అమ్మలూ. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, ఆకు రసం పీల్చే నల్లి (మైట్) పడితే తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటుంది. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. నీ ఫోటో చూసి ఎవరో ఒక రైతు ఆకు తిప్పి చూస్తాడు. ఆ అంచు కనపడాలి.

డబ్బు గురించి ఆలోచించకు. పదివేలు అటూ ఇటూ అవుతుంది. నీ 1,800 నువ్వు పెట్టు, మిగతాది నేను వేస్తా. అప్పు కాదు. అటక మీద నా చెక్క స్టాండు కూడా ఉంది. ఆ స్లైడ్ల తర్వాత విజయవాడ వన్‌టౌన్‌లో పాత సర్వే స్టాండు కొని, ఆటోనగర్‌లో లేత్ పని చేసే ఆయనతో దాని మీద కెమెరా బోల్టు పట్టేలా ఇత్తడి బిళ్ల చేయించాను. తోటకి మొయ్యలేవు, గదిలో పువ్వులు తియ్యడానికి అంతకంటే కదలనిది నీకు దొరకదు. తీసుకెళ్లు.

వచ్చే ఆదివారం బాపట్ల నుంచి పొద్దున్నే బయల్దేరు. మీ చిన్న నాయనమ్మ గోంగూర పచ్చడి నూరుతానంది. అన్నాలు తినేసి ఇద్దరం విజయవాడ గవర్నర్‌పేట వెళ్లి చూసొద్దాం. కెమెరా, లెన్స్, ఛార్జ్ చేసిన బ్యాటరీ తెచ్చుకో. అద్దం ముక్క నా దగ్గర ఉంది.

మీ చిన తాతయ్య