పల్లెటూళ్లలో చర్చికి పోయేవాళ్లది భక్తా, ఏదో ఆశా?

"ఊళ్లలో చర్చికి పోయేవాళ్లు నిజంగా నమ్మే పోతారా, ఏదో దొరుకుతుందని పోతారా? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి" అని అడిగారు. నేను అందులోనే పుట్టి పెరిగాను కాబట్టి చెప్తాను. మాది డోర్నకల్ వైపు మిరపతోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా అంటున్నారు గానీ 2016లో జిల్లాలు చీల్చేదాకా మాది వరంగలే. ఎస్సీ కాలనీ చివర, వేపచెట్టు పక్కన మా చర్చి. సున్నం గోడలు, రేకుల కప్పు. నేను ఉద్యోగం కోసం హనుమకొండలో ఉంటున్నా పండుగలన్నీ అక్కడే చేసుకుంటాను.

ఆశతో వచ్చేవాళ్లు ఉంటారు, ఎందుకుండరు? మొగుడు గుడుంబా మానాలని వచ్చే ఆడవాళ్లు ఉపవాస కూడికలో మొదటి వరుసలోనే కూర్చుంటారు. బిడ్డకు కాన్పు మంచిగా కావాలని, కొడుక్కి కానిస్టేబుల్ ఉద్యోగం రావాలని, బోరులో నీళ్లు పడాలని చీటీ రాసి ప్రార్థనకు ఇస్తారు. మేడారం జాతరకు పోయి ఎత్తు బంగారం, అంటే తమ బరువంత బెల్లం, ఇచ్చేవాళ్లు అడిగేవీ ఇవే. ఆ ఆశకు మతం ఏముంది? కానీ మీరు అడిగింది దీని గురించి కాదని నాకు తెలుసు. "బియ్యం ఇస్తే మారారు" అనే మాటనే మీరు కాస్త మర్యాదగా అడిగారు, అంతే.

ఈ బియ్యం మాట బడిలో విన్నాను, ఆఫీసులో విన్నాను, ఒకసారి రైల్లో పక్క సీటాయన ఇడ్లీ తింటూ చెబితే విన్నాను. అందుకే మా ఊరి బియ్యం లెక్క చెప్తా, వినండి.

మా చర్చి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. మా అమ్మది పాత డాల్డా డబ్బా. మూత ఎప్పుడో పోయింది, గుడ్డ కట్టి ఉండేది. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజు కూడా ఆ డబ్బా జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. ఆదివారం తలా ఒక సంచి తెచ్చి బలిపీఠం ముందున్న గంపలో పోస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులోనే. ఒకప్పుడు ఆ గంపే సువార్తికుడి ఇంటికి తిండి. ఇప్పుడు అమ్మి చర్చి కరెంటు బిల్లు కడుతున్నారు. బియ్యం ఇచ్చి మమ్మల్ని మార్చారని మీరంటారు, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి బియ్యం మా ఇంట్లోంచి చర్చికి పోవడమే చూశాను.

కొందరు మెదక్ చర్చిని చూపిస్తారు. కరువులో తిండి పెట్టి కట్టించారు, జనం దానికోసమే చేరారు అంటారు. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన ఆ చర్చిని మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి కట్టించిన మాట నిజమే. పని చేశారు, కూలి తిన్నారు. అది అమ్ముడుపోవడమైతే ఇవాళ ఉపాధి హామీ పనికి పోయేవాళ్లంతా ఎవరికి అమ్ముడుపోయినట్టు?

మా వైపు అసలు పేరు డోర్నకల్‌ది. 1912లో అజరయ్య గారు అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళ మనిషి, వచ్చి తెలుగు నేర్చుకుని మాలమాదిగ పల్లెలన్నీ తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభ జరిగితే అక్కడ లేచి, మీరు మీ ఆస్తి పేదలకు పంచారు, మీ దేహాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్లదొరల మొహం మీదే, ఆ రోజుల్లో! క్రైస్తవుడు ఎలా ఇవ్వాలనే దాని మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. పిడికెడు బియ్యం ఆయన కాలం నుంచే ఉందని మా తాత చెప్పేవాడు. డోర్నకల్ జంక్షన్ మీదుగా పోతూ కూడా ఆయన కట్టించిన కెథడ్రల్ చూడనివాళ్లు ఉన్నారు. దిగి చూడండి. 1939లో ప్రతిష్ఠ చేశారు. పైన గుమ్మటాలు మసీదులా, లోపల రాతి స్తంభాలు గుడిలా ఉంటాయి.

సరే, అసలు సంగతికి వస్తా. ఆశతో వచ్చినవాడెవరో కోత పండుగ రోజు తెలిసిపోతుందని నా గట్టి నమ్మకం. ఆ రోజు అలాంటివాడు కనబడడు. ఎందుకంటే ఆ రోజు అందరూ ఇచ్చేవాళ్లే. పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం వరి కంకులు, బంతిపూలతో చర్చిని అలంకరించి, పండిందాంట్లోంచి తలా కొంత తెచ్చి ముందు పెడతారు. వడ్లు, పెసర్లు, కందులు, గుడ్లు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద వాటికి వేలం పాట.

మామూలు ఏడైతే మిర్చి బస్తాలే ఒక వరుస ఉంటాయి. మాది తేజ రకం, ఘాటు జాస్తి. ఫ్యాన్ వేస్తే చాలు, చర్చి మొత్తం తుమ్ములే. పాస్టర్ అయ్యగారు ఆశీర్వాదానికి చేతులెత్తి తుమ్ము ఆపుకోలేక మధ్యలో ఆగిపోవడం, పిల్లలు అమ్మల కొంగుల్లో మొహం పెట్టుకుని నవ్వడం ప్రతి ఏడూ ఉండేదే.

2021 చివర్లో మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. పూతలో దూరి రసం పీలుస్తుంది, పూత మొత్తం రాలిపోతుంది. మందుల షాపువాడు ఏదిస్తే అది కొట్టారు, అది చావలేదు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం అంతటా ఇదే గోస. కొందరు ట్రాక్టర్ పెట్టి తోటలు దున్నేశారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రేటేమో ఎన్నడూ లేనంత, అమ్ముదామంటే కాయ లేదు. తోటలున్నవాళ్లకు అప్పులు మిగిలాయి, కాయ ఏరడానికి పోయే ఆడవాళ్లకు కూలి లేకుండా పోయింది.

ఆ సంక్రాంతి దాటాక సంఘ పెద్దలు కూర్చున్నారు. నేనూ ఉన్నాను. "పంటే లేకపాయె, కోత పండుగేంది? ఊరోళ్లు నవ్వుతరు" అన్నాడొకాయన. కౌలుకు పట్టి మిరప వేసినవాడు, ఆయన కోపంలో తప్పేం లేదు. అప్పుడు వెనక కూర్చున్న ఒక ముసలాయన బైబిల్ తీసి హబక్కూకు మూడో అధ్యాయం చివర చదివాడు. అంజూరం పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్లో గొర్రెలు లేకపోయినా నేను దేవునిలో ఆనందిస్తానని ఉంటుందక్కడ. అంజూరపు చెట్టు మా ఊళ్లో ఎవరూ చూసింది లేదు గానీ, చేను పోవడమంటే అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. పండుగ చేద్దామనే అనుకున్నారు.

ఆ ఆదివారం చర్చిలో ఎవరూ తుమ్మలేదు. కొంచెం వడ్లు, నాలుగు కోళ్లు, కూరగాయలు, ఒక మేకపిల్ల. ఇంతలో ఆ కౌలు రైతు వచ్చాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన మిరప చెట్టు. ఆకులన్నీ దోనెల్లా పైకి ముడుచుకుపోయి ఉన్నాయి, వేళ్లకు ఇంకా మన్ను ఉంది. తెచ్చి సొరకాయల పక్కన పెట్టి, పోయి తన చోట్లో కూర్చున్నాడు. కోపంతో పెట్టాడో, భక్తితో పెట్టాడో నేను అడగలేదు. రెండూ అయ్యుండొచ్చు.

అయ్యగారు దాన్ని పక్కకు తీయించలేదు. ప్రార్థనలో వడ్లకు, కోళ్లకు, కూరగాయలకు కృతజ్ఞతలు చెప్పుకుంటూ వచ్చి, ఆ చెట్టు దగ్గర ఆగిపోయాడు. కాసేపటికి, "ప్రభువా, దీని సంగతి నీకే తెలుసు" అన్నాడు. ఆమెన్ అన్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టౌన్ నుంచి కార్లలో వచ్చి, ఎకో పెట్టిన మైకులో మూడు గంటలు అరిచే ప్రసంగీకులున్నారు చూడండి, "విత్తన కానుక వేయండి, నూరంతలు వస్తుంది" అంటారు. విత్తనం సంగతి మా ఊరివాళ్లకు చెప్తారా? విత్తనం వేసి, మందు కొట్టి, వడ్డీకి తెచ్చి పెట్టి ఏం వచ్చిందో అక్కడ సొరకాయల పక్కనే ఉంది. వాళ్లలో ఒక్కడికీ ఆ చెట్టు ముందు అయ్యగారిలా నోరు మూసుకోవడం చేతకాదు. యూట్యూబ్‌లో వీళ్లను చూసి మా కుర్రాళ్లు కూడా కీబోర్డు కొని, డోలక్ అటక మీద పడేశారు. ఆ కీబోర్డులో ఒకటే రిథమ్, క్రిస్మస్ పాటకూ అదే, చావు పాటకూ అదే.

వేలానికి వస్తే, మైకు మా చిన్నాయనది. ఆయన గొంతు పక్క ఊరికి వినబడుతుంది, మైకు ఎందుకో నాకు అర్థం కాదు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాడుకున్నవాడు పైసలు కట్టి, "మళ్లీ సంఘానికే" అంటాడు. ఆ వస్తువు మళ్లీ వేలానికి వస్తుంది. ఆ ఏడాది వస్తువులు తక్కువ కాబట్టి ఉన్నవే తిరిగాయి. మా పెద్దమ్మ తెచ్చిన గుమ్మడికాయ అట్లా చాలా చేతులు మారింది. ఆమె ఇంటి పెంకుల మీద పాకిన తీగకు కాసింది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. కిరాణా కొట్టు సేటు చర్చి మనిషి కాడు, అయినా వచ్చి ఒకసారి పాడాడు. ఫోన్‌పే కొట్టిన ప్రతిసారీ డబ్బాలోంచి ఆడగొంతు రూపాయలు అందాయని అరవడం, పిల్లలు "హల్లెలూయా" అనడం.

చివరికి ఐదు వందల దగ్గర ఆగింది. "ఒకటోసారి... రెండోసారి..." అంటున్నాడు చిన్నాయన. "ఆరు వందలు" అని వినిపించింది. చూస్తే మా పెద్దమ్మే, కొంగు ముడి విప్పుతోంది.

"వదినా, నీ కాయను నువ్వే కొంటవా?" అన్నాడు చిన్నాయన, మైకులోనే.

"నా కాయ ఎక్కడిది? పొద్దుగాల్నే దేవునికిచ్చిన. ఇప్పుడు గది దేవుని కాయ. దేవుని దగ్గర నేను కొనుక్కుంటున్న, నడుమ నీకేంది? మూడోసారి అను!"

అన్నాడు. అవి ఆమె ఆసరా పింఛన్ పైసలు. మిర్చి కూలి లేని ఆ ఏడు ఆమెకు నెలకొచ్చే 2016 రూపాయలే దిక్కు. అందులోంచి ఆరు వందలు. నేను ఇస్తానంటే నా చేయి తోసేసింది. కాయను ఇంటికి మోయించుకుపోయి, కొడవలితో కోసి, వాడంతా ముక్కలు పంచింది. ఒక ముక్క మనవరాలితో ఊళ్లోకి, పటేల్ ఇంటికి కూడా పంపింది. ఆ ఇంటి వాకిట్లోనే మా నాయనమ్మ దోసిలి పట్టి, పైనుంచి పోస్తే నీళ్లు తాగేదట. ముక్క తీసుకున్నారు. వండుకున్నారో, బర్రెకు వేశారో నాకు తెలియదు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. తరాల తరబడి చేయి చాపే వైపే నిలబెట్టిన మనుషులు, ఊరు మొత్తం మీద ఇచ్చే వైపు నిలబడగలిగింది ఆ రేకుల కప్పు కిందనే. అందుకే పోతారు. దీనికి సర్వేలు, లెక్కలు నా దగ్గర లేవు, అక్కర్లేదు కూడా.

ఆ మిరప చెట్టు ఏమైందని అడిగితే, వేలం గొడవలో అందరూ ఉండగా మేకపిల్ల తినేసింది. అంత మందు కొట్టిన చెట్టు తిని కూడా దానికేం కాలేదు.

ఏదో దొరుకుతుందని అన్నారు కాబట్టి కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మా దగ్గర క్రైస్తవుడని రాయించుకున్న మాల, మాదిగ బీసీ-సీలోకి పోతాడు, అక్కడున్నది ఒక్క శాతం రిజర్వేషన్. అంటే బాప్తిస్మం కాగితం మీద నష్టం. అందుకే చాలామందికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. దీన్ని మోసమనేవాళ్లను ఒకటే అడుగుతా. హోటల్లో గ్లాసు వేరుగా పెట్టినవాడు మతం అడిగి పెట్టాడా? అట్లాగని చర్చి లోపల కులం లేదని నేను చెప్పను. పెళ్లి సంబంధం మాట్లాడే రోజు మాల ఎవరో మాదిగ ఎవరో అందరికీ గుర్తొస్తుంది. అది ఇంకెవరైనా ప్రశ్న అడిగితే రాస్తా, చాలా ఉంది.

ఇప్పుడు మా చర్చిలో కొత్త కమిటీ వచ్చింది. చదువుకున్న పిల్లలు, మంచివాళ్లే. వేలం పాటతో మధ్యాహ్నం మూడవుతోంది, అందరికీ ఆకలి, లెక్క కూడా సరిగ్గా తేలట్లేదు, రసీదు పుస్తకాలు కొట్టించి ఇంటికింత అని రాసేద్దాం అంటున్నారు. నేను వద్దన్నాను. హనుమకొండలో ఉండేవాడి మాట ఎవరు వింటారు? చిన్నాయన మాత్రం మైకు, యాంప్లిఫయర్ రెండూ తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకున్నాడు, అడిగితే రిపేర్ అంటున్నాడు.